ఏడో కట్ట

పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఏడో ఆకుల కట్ట పైకి తీసిన లియోంటియోస్ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"సైన్యమంతా ఏరు దాటేవరకూ చక్రవర్తి ఒడ్డునే నిలిచాడు."

ఇది చక్రవర్తి తనతో రాయించుకున్న పొగడ్త పుస్తకంలోది. నిన్ననే కుట్టుపనికి వెళ్ళి ఉండాలి. మరి వెళ్ళిందేది? ఎవరికీ చూపకుండా రాసుకుంటున్న రెండో చరిత్రలోని ఏడో కట్ట! అందులో చక్రవర్తి సైన్యాన్ని వదిలేసి, అందరికంటే ముందు చేపల పడవలో ఏరు దాటాడు. రెండింటికీ ఒకే కొలత తోలు ఆకులు, అడుగున ఒకే అంకె.

పుస్తకాలు కుట్టేవాళ్ళ వీధికి పరుగెత్తాడు.

"కోస్మాస్ తాతా, పుస్తకమేదీ?"

"పొద్దున్నే రాజభవనం వాళ్ళు పట్టుకుపోయారు గదయ్యా. ఏం, కుట్టు వంకరపోయిందా?"

"ఏడో కట్ట చదివావా?"

"నాకు అంకెలొస్తే చాలు. ఆరు తర్వాత ఏడు. ఈ ఊళ్ళో అంతకుమించి చదివినోళ్ళకి కళ్ళు పీకేస్తారు," అని ముసలాడు పకపకా నవ్వాడు.

మధ్యాహ్నం కొలువులో, రాసినవాడే చదవాలన్న ఆనవాయితీ ప్రకారం లియోంటియోస్ నిలబడ్డాడు. ఆరు కట్టలు వేలితో వరస పట్టుకుని చదివాడు. ఏడోది రాగానే ఆకు మీద చూపు ఆనించి, పొగడ్తను గుర్తున్నంత మేర అప్పజెప్పాడు.

చక్రవర్తి పాత సిపాయి. అక్షరం రాదు. కానీ కళ్ళున్నాయి.

"ఏమయ్యా, ఇందాకటిదాకా నీ వేలు నడిచింది. ఇక్కడ కూలబడిందేం?"

"కంఠతా వచ్చిన భాగం, ప్రభూ."

"అట్లాగా! ప్రోబస్, ఇదే నువ్వు చదువు. వేలు పెట్టి."

కొలువు పెత్తనం చేసే ప్రోబస్ పుస్తకం అందుకున్నాడు. ఆకు మీద అతని చూపు ఒక్క క్షణం ఆగింది.

"సైన్యమంతా ఏరు దాటేవరకూ చక్రవర్తి ఒడ్డునే నిలిచాడు," అన్నాడు ప్రోబస్. ఇందాక విన్నదే అప్పజెబుతుంటే, వేలు తడబడకుండా చివరి వరసదాకా నడిచింది.

చక్రవర్తి తృప్తిగా గడ్డం నిమురుకున్నాడు.

బయట వసారాలో ప్రోబస్ చిన్న చాకుతో కుట్లు తెంపి, ఆ కట్టను తన వెడల్పాటి చొక్కా చేతిలో దోపుకున్నాడు.

"ఆ చరిత్రలో మిగతా కట్టలు ఇప్పుడే కాల్చేస్తానండీ," అన్నాడు లియోంటియోస్.

"అయ్యో, కాల్చడమెందుకు? ఇంత బాగా రాసి! సాయంత్రాలు మీ ఇంటికొస్తా. ఎవరెంత చెడ్డవాళ్ళో ఇకనుంచి నేను చెబుతా, మీరు రాద్దురుగాని."

"నేను చూసిందే రాస్తానండీ."

"నిన్నటిదాకా," అన్నాడు ప్రోబస్, చొక్కా చేతిని తడుముకుంటూ.

పొద్దువాలకముందే తలుపు చప్పుడైంది. లియోంటియోస్ కదల్లేదు. రెండోసారి తట్టారు. లేచి, కొత్త తోలు ఆకు బల్ల మీద పరిచి, వెళ్ళి గడియ తీశాడు.