పద్నాలుగో నెంబరు గూడు

పాలు పితికేటప్పుడు నేను మాట్లాడను. బర్రెకు నచ్చదని పైకి చెబుతాను గానీ, నిజానికి నాకే నచ్చదు. అలాంటిది ఐదు రోజులుగా చేతులు పొదుగు మీద, చెవులు చొక్కా జేబులోని ఫోను మీద పెట్టుకుని కూర్చుంటున్నాను. గౌలిపురలో మా కొట్టంలో ఏడు బర్రెలున్నాయి. నిన్న పరధ్యానంలో గట్టిగా లాగితే ఒకటి తన్నింది కూడా.

ఆ ఫోను రావలసింది మా సోనీ దగ్గర్నుంచి. ఒక్కతే కూతురు. జంతువుల చదువు చదివి, సముద్రం మధ్య ఒక దీవిలోని అభయారణ్యంలో తాబేలు గుడ్లకు కాపలా కాసే ఉద్యోగంలో చేరింది. పాలోళ్ల ఇంట్లో పుట్టి తాబేళ్లను కాయడమేమిటని ఏడాది పాటు లొల్లి పెట్టాను. "ఒక్కసారొచ్చి చూడు బాపు" అని అది బతిమాలితే, మొన్న ఆదివారం నేనూ నా భార్య రాజమణీ వెళ్లాం.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. పిల్లలు కొత్త చోట ఉండబోతే, అక్కడి పుట్టలో ఇంటి బర్రె పచ్చిపాలు పోసి రావాలి. అప్పుడే పురుగూ పుట్రా పిల్లల జోలికి రావని మా అమ్మ చెప్పేది. మా ఇంట్లో నేను కొలిచి ఇస్తే గానీ పాలు కదలవు. చాయ్‌కి కూడా నేనే పోస్తాను. ఆ రోజూ కొలిచి చిన్న క్యానులో పోసిచ్చాను. రాజమణి దాని చుట్టూ ఐసు పేర్చి, రైల్లో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంటన్నర పడవ ప్రయాణంలో నేను రెండుసార్లు కక్కుకున్నాను. ఆమె మాత్రం క్యాను వదల్లేదు.

పడవ దిగగానే సోనీ మమ్మల్ని చెట్టు నీడన కూర్చోబెట్టింది. "ఇక్కడ్నే కూసోండ్రి. దేన్నీ ముట్టుకోకుండ్రి. సారుకు చెప్పొస్త" అని వెళ్లింది.

కూర్చోమంటే కూర్చునే రకమా నేను? ఇసుకలో నాలుగడుగులు వేసేసరికి కాస్త ఎత్తుగా ఒక కుప్ప కనిపించింది. చుట్టూ వెదురు దడి, దడికి ఎర్రగుడ్డ పీలిక.

"ఇగో రాజమణీ, పుట్ట!" అన్నాను. "చూడు, ఎర్రగుడ్డ గూడ కట్టిండ్రు."

"బొక్క లేదు గదయ్యా" అందామె అనుమానంగా. "పిల్లను అడుగుదాం ఆగు."

"పుట్ట గూడ తెల్వదా నాకు? ఇసుకల బొక్క నిలుస్తదా? పొయ్యి."

రాజమణి చెప్పులు విడిచి, దడి సందులోంచి చెయ్యి పెట్టి, క్యాను మొత్తం ఒంపి దండం పెట్టుకుంది. సోనీ పరుగెత్తుకొచ్చేసరికి ఇసుక పైన ఒక్క చుక్క కూడా మిగల్లేదు.

అది పుట్ట కాదు, పద్నాలుగో నెంబరు తాబేలు గూడు. లోపల నూట పన్నెండు గుడ్లు. ఎర్రగుడ్డ ఎవరూ దగ్గరికి రావద్దని పెట్టిన గుర్తు. నాలుగైదు రోజుల్లో పిల్లలు బయటికి రావాలి. పాలకు చీమలు పడతాయని, వాసనకు ఎండ్రకాయలు తవ్వుతాయని, గుడ్లు కుళ్లినా కుళ్లుతాయని సోనీ మోకాళ్ల మీద కూలబడి, తడి ఇసుకను దోసిళ్లతో తీసేస్తూ చెప్పింది.

"ఎవరు పొయ్యమన్నరమ్మా నిన్ను?"

నేను నోరు తెరిచాను. తెరిచిన నోటితోనే సముద్రం వైపు తిరిగాను.

"నాకే బుద్ధి లేక పోసిన బిడ్డా" అంది రాజమణి.

"ఈ గూడు నా మీదున్నది. నాదింకా పక్కా నౌకరి కాదు. ఇది కరాబైతే నన్ను పంపిస్తరు. గిందుకే నిన్ను యాడికీ తీస్కపోబుద్ధి కాదు."

అక్కడి అధికారి డానియేలు సారు వచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది. "గూడు సంగతి తేలాక చూద్దాం" అన్నాడంతే. సాయంత్రం మేం పడవెక్కుతుంటే సోనీ, తల్లి ముఖం వైపు చూడలేదు. నాకు మాత్రం చెయ్యి ఊపింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇంటికొచ్చాక రాజమణి నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ మానేసింది. పాల గిన్నె కూడా ముట్టుకోవడం లేదు. పాలోళ్ల ఇంట్లో ఇంతకంటే ఘోరం ఏముంటుంది? బుధవారం, కిషన్‌బాగ్ నుంచి పాలకొచ్చే జహంగీర్ భాయ్, "సముందర్ ఎట్లుంది అంజన్ భాయ్? మస్తు తిరిగిండ్రా?" అని నవ్వుతూ అడిగాడు. "నీళ్లుంటయి, ఇంకేముంటది?" అని కసిరాను. పాపం, డబ్బా తీసుకుని పోయాడు.

ఫోను వచ్చిందా అని రాజమణి పూటకోసారి అడిగేది. "ఫికర్ చెయ్యకు" అనేవాణ్ణి. నా కళ్లకు ఎటు చూసినా చీమలే. కొట్టం గోడ మీద చీమల బారు కనిపిస్తే చీపురు పట్టుకుని వెంటపడ్డాను. నేనే ఫోను చేయొచ్చు. చేస్తే సంగతి చెప్పాల్సి వస్తుందని భయం.

ఈ పొద్దున బకెట్ సగం నిండేసరికి ఫోను మోగింది.

"బాపు, పిల్లలు ఎల్లినయ్!" సోనీ అరిచింది. "తొంభై నాలుగు! అన్నీ నీళ్లల్లకు పోయినయ్. కొన్ని గుడ్లు ఎప్పుడైనా గట్లనే మిగుల్తయన్నడు సారు. నన్ను ఉండమన్నడు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా సర్దుకుంది. ఇక నోరు మూసుకుంటే సరిపోయేది, నా నోరు అందుకు సిద్ధంగానే ఉంది. కానీ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చిన రాజమణి, పిల్లలు బతికాయా అని కాదు, "నన్ను అడిగిందా?" అని సైగ చేసింది.

"సోనీ, అది పుట్ట అన్నది నేను" అన్నాను. "పొయ్యమన్నది గూడ నేనే. మీ అమ్మ నిన్ను అడుగుదామన్నది. నేనే విన్లే."

చెప్పేసి ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నాకెరుకే బాపు" అంది. "ఆ దినం మీ పడవ పోయినంక సమజైంది. నువ్వు చెప్పకుంట అమ్మ ఎన్నడన్న పాలు ఒంపిందా? నువ్వే ఫోన్ చేసి చెప్తవని ఐదు దినాలు చూసిన."

నేను పీట మీంచి లేచాను.

"ఇగ అమ్మకియ్యి" అంది.

రాజమణి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, ఏడ్చారు కూడా. ఫోను పెట్టేశాక రాజమణి నా పక్కనున్న బకెట్‌లో చెంబు ముంచి, నింపుకుని, చాయ్ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఎన్ని పాలు తీసుకుందో నేను అడగలేదు.