తిరగేసిన సూర్యుళ్లు

తెల్లకాగితం మీద అరచేతంత సూర్యుడు.

చిన్నగా వణుకుతున్నాడు. దూరదర్శిని గొట్టంలోంచి దిగి, అట్టకు గుచ్చిన కాగితం మీద బుద్ధిగా కూర్చున్నాడు. ఒంటి మీద ఏడు మచ్చలు.

మచ్చల చుట్టూ ఒక పెన్సిలు తిరుగుతోంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా తిరుగుతూనే ఉంది...

ఆ పెన్సిలు ఒక టెలిఫోన్ ఆపరేటర్‌ది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆమె భోజనం పది నిమిషాలే. విరామంలో మిగిలిన ఇరవై నిమిషాలూ డాబా మీద, సూర్యుడికి. తోటివాళ్లు ఎండమ్మ అని పేరు పెట్టారు. "ఏం ఎండమ్మా, ఇవాళ మీ ఆయనకి ఒంట్లో ఎలా ఉంది?" అని ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వేసి, మచ్చల లెక్క చెప్పేది. వినేవాళ్లు ఉండేవారు కాదు.

ఒకసారి ఆ బొమ్మల పుస్తకాలను, గ్రహాలనూ నక్షత్రాలనూ పరిశీలించే ఒక వేధశాలకు పంపింది. పుస్తకాలు తిరిగొచ్చాయి, వెంట ఒక్క వాక్యం — 'మీ పుస్తకాలు అందినవి.'

అందాయి. ఎవరైనా తెరిచి చూశారో లేదో, ఆ సూర్యుడికే తెలియాలి.

ఉద్యోగం అయిపోయింది. పెన్సిలు మాత్రం ఆగలేదు.

పక్కింట్లోకి అద్దెకు దిగిన చిత్రకారిణి, కుంచెకు బదులు సూదితో బొమ్మలు వేసే మనిషి, ఓ వానరోజున గొడుగు అడగడానికి వెళ్లి, బీరువాలో ఆ పుస్తకాలు చూసింది. గొడుగు సంగతి మరిచిపోయింది.

ఎనిమిది నెలలు.

పుస్తకాల్లోంచి ఒక్క వేసవిలోని నలభై రోజులు ఏరుకుంది. రోజుకొక సూర్యుడు. పసుపు గుడ్డ మీద నల్లదారం, గోధుమరంగు దారం. కెమెరా పట్టుకుని తమ్ముడు వెంటపడ్డాడు. పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీ తీస్తాడట. అందులో అప్పటిదాకా ఎక్కువగా ఉన్నవి అక్క తిట్లే.

పూర్తయ్యేదాకా ఎండమ్మకు చూపించలేదు. ఆమె వచ్చి, చూసి, 'ఇది నా సూర్యుడే' అనాలి. చిత్రకారిణికి కావలసింది అంతే. ఆ ఒక్క మాట కోసం కళ్లు మసకబారేలా కుట్టింది.

ఇవాళ చూపించే రోజు. తెల్లవారితే ప్రదర్శన.

పొడుగాటి హాలు. తీగలకు వేలాడుతూ నలభై సూర్యుళ్లు. ఎండమ్మ కళ్లజోడు తుడుచుకుని బయలుదేరింది. మొదటి రోజు... రెండో రోజు... ఐదో రోజు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకొచ్చింది.

"అమ్మాయ్, వీడు వెనక్కి నడుస్తున్నాడేం?"

చిత్రకారిణికి అర్థం కాలేదు.

తర్వాత అర్థమైంది.

పెద్దమచ్చ ఎడమ అంచున పుట్టాలి. రోజుకింత జరుగుతూ, రెండు వారాలకు కుడి అంచున దిగిపోవాలి. ఇక్కడ కుడిన పుట్టింది. కుట్టేముందు చిత్రకారిణి ఎండమ్మ బొమ్మను పల్చటి కాగితం మీద పెన్సిలుతో ఎత్తుకుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద బోర్లించి, చెంచా వెనకభాగంతో రుద్దింది. గీత గుడ్డకు అంటుకుంది — ఎడమ కాస్తా కుడైంది. పువ్వో పిట్టో అయితే ముందే సరిచూసుకునేది. గుండ్రటి సూర్యుడికి ఎడమా కుడీ ఉంటాయని ఆమెకేం తెలుసు!

నలభై సూర్యుళ్లు. నలభై తప్పులు.

చిత్రకారిణి తమ్ముడి వైపు తిరిగింది. "కెమెరా ఆపరా" అంది. తమ్ముళ్లు అక్కల మాట ఎప్పుడు విన్నారు గనక! ఆపలేదు.

"క్షమించండమ్మా, మీ పుస్తకాన్ని పాడుచేశాను" అని తిరిగి చూస్తే — ఎండమ్మ లేదు. గుడ్డ కింద రెండు చెప్పులు కనిపిస్తున్నాయి.

వెనకవైపు! ముడులు, తోకలు, తెగిన దారాలు. కుట్టుపని చేసేవాళ్లు ప్రాణం పోయినా చూపించని వైపు.

"అటు వెళ్లకండమ్మా!" అని పరుగెత్తింది.

గుడ్డ వెనక నవ్వు వినిపించింది. పకపకా, ఆగకుండా.

"ఇటు రావే పిల్లా!"

అక్కడ సూర్యుడు సరిగ్గా ఉన్నాడు. మచ్చ ఎడమనే ఉంది. చుట్టూ దారపు పోగులు రేగి ఉన్నాయి. ఎండమ్మ వాటి మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది.

"ముందువైపు అంచులు కత్తిరించినట్టున్నాయి. మచ్చ అలా ఉండదమ్మా. చుట్టూ ఇలాగే, పీచులు పీచులుగా ఉంటుంది. నా పెన్సిలుకి ఒక్కనాడూ చిక్కలేదిది..."

ఆగింది.

"ఇదీ నా సూర్యుడు!"

చిత్రకారిణి ఏడ్చింది. నవ్వింది. రెండూ కలిసే వచ్చాయి. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిచ్చెన వచ్చింది. తమ్ముడు కెమెరాను బల్ల మీద పెట్టి కొక్కేలు పట్టుకున్నాడు. ఒక్కో సూర్యుడూ అటు తిరిగాడు, ముడులతో సహా. ఎండమ్మ కుర్చీలో కూర్చుని పెత్తనం చేసింది — "అది పంతొమ్మిదో రోజుది నాయనా! పక్కకి, పక్కకి!" పుస్తకం తెరవలేదు. ఆమెకు నలభై రోజులూ కంఠతా వచ్చు.

మధ్యాహ్నానికి నలభై మంది సూర్యుళ్లూ ముందుకు నడిచారు.

చివరికి తమ్ముడు కెమెరాను ఎండమ్మ వైపు తిప్పాడు. "తెర మీద మీ పేరు కింద ఏమని వెయ్యమంటారండీ? రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్ అని వెయ్యనా?"

ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఎండమ్మను ఎవరూ అడగలేదు. వరసగా వేలాడుతున్న రోజుల వైపు చూసింది. గొంతు సవరించుకుంది.

"ఖగోళ పరిశీలకురాలు" అంది, ఒక్కో అక్షరం విడివిడిగా.

తర్వాత కెమెరా వైపు కాస్త ముందుకు వంగింది.

"అక్షరాలు పెద్దవి వెయ్యి నాయనా. వెనక వరసలోంచి కూడా కనబడాలి."