పది మీటల పెట్టె

మార్టిన్ దొర రెండు రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టెలు బల్ల మీద పెట్టి, "ఇస్సాకూ, నీకు ఇష్టమైనది ఒకటి తీసుకొనుము. రెండవది నాతో ఓడ ఎక్కును" అన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి నాలుగేళ్ల కింద వరంగల్ వచ్చిన మనిషి. పుస్తకాల్లో చూసి నేర్చుకున్న తెలుగు ఆయనది. గురువారం రైలెక్కి వెళ్లిపోతున్నాడు. బుధవారం పొద్దున్నే జవాబు కావాలన్నాడు.

మరో రోజైతే అదే కాలేజీ ప్రయోగశాలలో పనిచేసే ఇస్సాకు గంతులేసేవాడు. రేడియోతో బొమ్మ విమానం ఎగరేయడమనే మాటే 1963లో ఈ ఊళ్లో పదిమందికి కూడా తెలియదు. అలాంటిది, దాన్ని నడిపే పెట్టె ఊరికే చేతికొస్తోంది. రేడియో వాడే లైసెన్సు కూడా కాలేజీ పేర ఉంది. కానీ ఇస్సాకు భార్య లిదియా టైఫాయిడ్‌తో పోయి ముప్పై మూడు రోజులైంది. ఆ రోజు నుంచి ఆయనకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. పాతిపెట్టేటప్పుడు కూడా కంట నీరు పెట్టలేదు. గట్టి గుండె అని చర్చి సంఘంలో మెచ్చుకున్నారు. గుండె గట్టిదో మెత్తదో చెప్పాలంటే ముందు అది అక్కడ ఉండాలి కదా! తన లోపలేమీ లేదని ఇస్సాకుకు మాత్రమే తెలుసు. పనికి వెళ్లేవాడు, వచ్చేవాడు, అత్త కృపమ్మ వండిపెట్టింది తినేవాడు. పప్పు తిన్నాడో పులుసు తిన్నాడో చెయ్యి కడుక్కునేసరికి గుర్తుండేది కాదు.

పెట్టెల సంగతి ఇది. మొదటిదానికి ఒకటే మీట. ఒకసారి నొక్కితే విమానం కుడికి తిరుగుతుంది, రెండుసార్లు నొక్కితే ఎడమకి. అంతే. ఇంజను మన మాట వినదు. నూనె అయిపోయేదాకా విమానం పైనే ఉంటుంది, గాలి గట్టిగా ఉంటే అటే పోతుంది. రెండోదానికి పది మీటలు. విమానంలో పెట్టే దాని జత పెట్టెలో హార్మోనియం లోపలి రేకుల్లాంటివి పది ఉంటాయి, ఒక్కో మీటకు ఒక్కో రేకు వణుకుతుంది. ఎక్కించవచ్చు, దించవచ్చు, ఇంజను తగ్గించి కాళ్ల దగ్గర వాలేలా చేయవచ్చు. చర్చి హార్మోనియం బాగుచేసేది ఇస్సాకే కాబట్టి ఆ యంత్రం ఆయనకు చూడగానే అర్థమైంది.

పది మీటలది తీసుకోవడానికి ఎవరైనా ఆలోచిస్తారా? ఇస్సాకు ఆలోచించాడు. దానికి రెక్కల అంచుల్లో కదిలే పలకలు పెట్టాలి, లోపల సన్నటి కడ్డీలు వేయాలి. అంటే తను ఇంట్లో కట్టుకున్న విమానం రెక్కల మీది పట్టుగుడ్డ కోయాలి. ఆ గుడ్డ లిదియా అంటించింది. ఆమెది నేతగాళ్ల కాశిబుగ్గ, గుడ్డ పోగు ఎటు లాగితే ఎటు బిగుస్తుందో ఆమె వేళ్లకు తెలుసు. తడిగుడ్డ పరిచి, ముడత లేకుండా లాగి, పైన లక్క పూసి నాలుగు ఆదివారాలు కష్టపడింది. ఎడమ రెక్కలో లక్క కింద ఆమె తలవెంట్రుక ఒకటి ఇరుక్కుపోయింది. ఇస్సాకు అప్పుడు కసిరాడు. "ఎంటికె ఎంత బరువుంటదని? మీ ఇమానం కూలిపోతదా?" అని ఆమె నవ్వింది.

ఒక్క మీటదైతే తోకలో నాలుగు అంగుళాల పని. రెక్క జోలికి పోనక్కర్లేదు. కానీ విమానమే ఎటో పోవచ్చు, వర్ధన్నపేట దాటి ఏ వరిచేలోనో పడవచ్చు. కోస్తే ఆమె చేసిన పని పోతుంది, కోయకపోతే మొత్తమే పోవచ్చు. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి.

మంగళవారం సాయంత్రం ఇంటి వసారాలో విమానం ముందు పెట్టుకొని అలాగే కూర్చున్న అల్లుణ్ణి చూసి కృపమ్మ వచ్చి చతికిలబడింది. విషయం అడిగి తెలుసుకుంది.

"గింతదానికి ఫికరెందుకు? చీట్లు ఏద్దాం" అంది.

వాళ్ల సంఘంలో చీట్లు వేయనిదే ఏదీ తేలదు. పిల్ల పేరు, పెళ్లి సంబంధం, ఆఖరికి ఏ బర్రెను కొనాలన్నా ప్రార్థన చేసి చీటీ తీయాల్సిందే. దేవుడికి బర్రెల బేరం కూడా అంటగట్టిన ఘనులు. ఇస్సాకు కాగితం చింపి రెండు చీటీలు రాసి మడిచాడు. కృపమ్మకు చదువు రాదు. వాటిని కొంగులో వేసుకొని, కళ్లు మూసుకొని, "నా బిడ్డ చేసిన సామాను తండ్రీ, దీనికి ఏది మంచిదో నువ్వే చూపియ్యి" అని ప్రార్థించి ఒకటి తీసిచ్చింది.

"ఒక్క మీటది" అని చదివాడు ఇస్సాకు. గుండెల మీద బరువు దిగినట్టుంటుందనుకున్నాడు. ఏమీ దిగలేదు.

"మంచిగైంది. మరి దీంట్ల?" అంటూ రెండోది కూడా అందించింది.

విప్పాడు. అందులోనూ "ఒక్క మీటది" అనే ఉంది. తన చేతిరాతే. రాసింది తనకు గుర్తు లేదు. కాలేజీలో వందల పరికరాలకు చీటీలు అంటించి ఒక్క తప్పు చేయని మనిషి.

అబద్ధం చెప్పేయవచ్చు. చదువు రాని ముసలిదానికి ఏం తెలుస్తుంది! కానీ ప్రార్థన చేసి తీసిన చీటీ.

"రెంట్ల అదే రాసిన అత్తమ్మా. సోయి లేక."

కృపమ్మ కోప్పడలేదు. "అయితే దేవుణ్ణి అడుగనే లేదన్నట్టు" అంది. కాసేపు రెక్క మీద చెయ్యి వేసి నిమిరింది. "ఆ ఒక్క మీటది పైకి పోతే మల్ల వస్తదా కొడుకా?"

"వస్తే వస్తది, లేకుంటే లేదు."

"గా పది మీటలది?"

"నేను దించిన కాడ దిగుతది. కాని ఇది కొయ్యాలె."

"కొయ్యి మరి."

"ఇది లిదియా..."

"నా బిడ్డను పెట్టెల పెట్టి మన్ను పోసినం. పిడికెడు మన్ను నా చేతితోనే ఏసిన. గది అయినంక ఇది గుడ్డ కొడుకా, ఉత్త గుడ్డ. పోయేటియన్ని పోవట్టె. మల్ల తిరిగొచ్చేది ఇంట్ల ఒక్కటన్న ఉండాలె కదా?"

లోపలికి వెళ్లి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది. కదలకుండా రెక్కను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఇస్సాకు అంచు కొలిచాడు, పెన్సిలుతో గీత గీశాడు, బ్లేడు ఆనించి లాగాడు. బిగిసి ఉన్న పట్టు సర్రుమని విడిపోయింది.

కోత చివర వంకర పోయింది. తన చెయ్యి వణికిందేమో అని చూసుకున్నాడు. తన చెయ్యి నిలకడగానే ఉంది. వణుకుతున్నది రెక్క. దాన్ని పట్టుకున్న కృపమ్మ వేళ్లు గోళ్ల దాకా తెల్లబడి ఉన్నాయి. మొహం పక్కకు తిప్పుకొని, పళ్లతో కొంగు కరిచి పట్టుకొని ఉంది.

ఈ ముప్పై మూడు రోజులూ తనకు పూటపూటకూ కంచం పెట్టిన ఈ మనిషికి బిడ్డ చచ్చిపోయిందన్న సంగతి ఇస్సాకుకు అప్పుడు తట్టింది. సిగ్గుతో ఒళ్లంతా భగ్గుమంది. బ్లేడు కింద పెట్టాడు.

"అత్తమ్మా" అన్నాడు. "నువ్వు తిన్నవా?"

కృపమ్మ రెక్కను వదలకుండానే లేదని తల ఊపింది.