మెట్ల తలుపు

చిత్రిక ముందుకు పోయినప్పుడల్లా సన్నటి చెక్క పొర చుట్ట చుట్టుకుని సందులో రాలుతోంది. తలుపును వీధి మధ్యలో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, తలుపులాయన ఒక కన్ను మూసి అంచు చూసుకున్నాడు. ఇంకో రెండు పట్లు పడితే చాలు. వచ్చేపోయేవాళ్లు అతన్ని జరగమనకుండా తామే గోడకు అంటుకుని పోతున్నారు.

తలుపు లేని గుమ్మంలోంచి ఇల్లాలు, "కాస్త తొందరగా కానివ్వు బాబాయ్. వీధి వీధంతా మా వంటగది చూసేస్తోంది" అంది.

"చూడనీవమ్మా. నువ్వు కూర మాడ్చిన రోజున తలుపు మూసున్నా వాసన వస్తూనే ఉంటుందిగా" అన్నాడు.

ఆ కొండ మీద ఇళ్లన్నీ వయసులో నగరానికి అమ్మమ్మల్లాంటివి. ఒకరి మిద్దె ఇంకొకరికి వాకిలి. పై వీధిలో తుమ్మితే కింది వీధివాళ్లు "చిరంజీవ" అంటారు. వానలు వెలిసేసరికి కొండ కాస్త జరుగుతుంది. అక్కడివాళ్లు దాన్ని కొండ ఒళ్లు విరుచుకుంది అంటారు. గోడలు ఓ వెంట్రుక వాసి పక్కకు ఒరిగి తలుపులు గడపకు పట్టేస్తాయి. అప్పుడు తలుపులాయనకు కబురొస్తుంది. ఎండలు ముదిరాక చెక్క ఎండి సందులు పడితే మళ్లీ అతనికే కబురొస్తుంది. ఈసారి బద్ద అతికించి పోతాడు.

"గీకేదీ నువ్వే, అతికేదీ నువ్వే. ఇదేం పనయ్యా?" అని అతని భార్య వెక్కిరిస్తుంది. నిజమే. ఒక మంచం, ఒక ఉయ్యాల, ఇది నేను చేసింది అని చూపించడానికి అతని చేతిలో పుట్టిన వస్తువంటూ లేదు. అతను ఎంత బాగా పని చేస్తే అంత ఏమీ కనబడదు. తలుపు మూసుకుంటుంది, అంతే. ఆ చిన్న చప్పుడు విని తల ఊపుకుంటూ వెళ్లిపోవడమే అతనికి తెలిసిన సంతోషం.

తలుపు బిగించి చేతులు దులుపుకుంటుండగా పై వీధి పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది. జుట్టు ముడి ఊడి ఉంది.

"అన్నయ్యా, మా మెట్ల తలుపు తీయాలి. ఇప్పుడే."

అతను సంచీ భుజాన వేసుకున్నాడు. దారిలో ఆవిడ చెప్పింది. పెద్దాయనకు రాత్రి నుంచీ మాట పడిపోయింది. పొద్దున డాక్టరు వచ్చి చూసి, ఇక ఆసుపత్రికి తిప్పి హింస పెట్టకండి అన్నాడట. "ఇందాక కళ్లు తెరిచి ఆ తలుపు వైపు వేలు చూపించారన్నయ్యా. ఇంకెవరికోసం? తమ్ముడి కోసమే. కిటికీలోంచి మరిదిని కేకేశాను."

"చిన్నాయన ఏమన్నారు?"

"వస్తానన్నాడు. వీధులు చుట్టి ఎక్కే కాళ్లు లేవట. ఉన్నా చుట్టంలా వీధి గుమ్మంలోంచి రాడట. నాన్న కట్టిన మెట్ల మీంచే వస్తాడట." కళ్లు తుడుచుకుంది. "చావు దగ్గర కూడా ఈ పంతాలేంటన్నయ్యా!"

అది ఒకే ఇల్లు. పై అంతస్తు పై వీధిలోకి, కింది అంతస్తు కింది వీధిలోకి తెరుచుకుంటాయి. మధ్యలో లోపలి మెట్లు, మెట్ల నెత్తిన తలుపు. పెళ్లి చేసుకోని చిన్నాయన ఒకప్పుడు పూటపూటా ఆ మెట్లెక్కి వదిన చేతి అన్నం తినేవాడు. తగువు మొదలైంది నీళ్ల దగ్గర. పైన పెరటి గదిలో బట్టలుతికితే కింద గోడ చెమర్చేది. నీ నీళ్లంటే నీ గోడంటూ మాట మీద మాట పెరిగింది. ఓ పొద్దున పెద్దాయన తలుపులాయన్ని పిలిచి పైవైపు మేకులు కొట్టమన్నాడు. ఆ సాయంత్రమే చిన్నాయన పిలిచి కిందివైపు కొట్టమన్నాడు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా ఇద్దరికీ కొట్టి వచ్చాడతను. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

మంచం మీద పెద్దాయన ఊపిరి గరగరలాడుతోంది. తలుపులాయన పైవైపు మేకులు పీకాడు. తుప్పు రాలింది తప్ప పెద్ద శ్రమ లేదు. భుజం పెట్టి నెట్టాడు. తలుపు కదల్లేదు.

కింద మెట్ల మీద అలికిడి అయింది. "ఏమోయ్, వచ్చిందా?"

"ఇటువైపు అయిందండీ. మీవైపు మేకులు..."

"నేనే పీకేశా. ఇంత చిన్న మేకులేంటయ్యా? చేత్తో లాగితే వచ్చాయి."

తలుపులాయన చేతిలోని తుప్పు మేకు వంక చూశాడు. "వారం తిరక్కుండా కలిసిపోతారనుకున్నానండీ. పెద్దవి కొట్టబుద్ధి కాలేదు. ఇటువైపూ అవే."

అవతలివైపు తలుపు మీద అరచెయ్యి ఆనిన చప్పుడైంది.

"అంటే... తోసుంటే వచ్చేసేదా?"

మొదటి రెండు మూడేళ్లూ వచ్చేసేదే. తర్వాత్తర్వాత కొండ కదిలి, పై దూలం కుంగి తలుపు నెత్తిన కూర్చుంది. ఇద్దరిలో ఒక్కరూ ఒక్కసారైనా తోసి చూడలేదు. రంపం బ్లేడు తీసి దూలానికీ తలుపుకీ మధ్య దూర్చాడు. సుత్తి దెబ్బలు రోగికి మంచివి కావు. కోత సాగుతుంటే చెమట కళ్లల్లో పడింది. దేవుడా, ఈ ఒక్క తలుపూ ఆయన ఊపిరుండగా రానీ అనుకున్నాడు. జీవితంలో అంత భయంగా ఏ తలుపూ కోయలేదు.

దూలం పట్టు వదిలింది. చిన్నాయన గోడ పట్టుకుని పైకొచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. వదినను చూసి తల దించుకుని, మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. పెద్దాయన వేళ్లు దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాయి.

"గోడ ఎప్పుడో ఆరిపోయిందిలే అన్నయ్యా" అన్నాడు చిన్నాయన. "చుక్క తడి లేదు. నువ్వేం దిగులు పడకు."

పెద్దాయన పెదవులు కొంచెం కదిలాయి. నవ్వాడని పెద్దావిడ అంది. నవ్వే అయ్యుంటుంది.

నేలకు రాసుకుంటున్న తలుపును మడతబందుల నుంచి ఊడదీసి తలుపులాయన గోడకు ఆనించాడు. పొట్టు ఎగిరి మంచం మీద పడకుండా తడిగుడ్డతో ఎత్తుతున్నాడు. ఆ గరగర ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. పెద్దావిడ చేతిలోని గ్లాసు మెల్లగా కింద పెట్టింది. చిన్నాయన మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

సాయంత్రం పెద్దాయన్ని పై వీధి మీదుగా తీసుకెళ్లారు. నడవలేని చిన్నాయన వదిన పక్కనే ఉండిపోయాడు. దహనం అయ్యాక తలుపులాయన సంచీ కోసం వచ్చేసరికి పై ఇంటినిండా జనం. ఆడవాళ్లు గది కడుగుతున్నారు. సందు చేసుకుని బయటపడే ఓపిక లేక, అతను మెట్ల మీంచి కిందికి దిగాడు. ఎన్నాళ్లకో ఆ మెట్ల మీద కాలు పెడితే ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, కింది గుమ్మం వైపు నడవబోతూ ఆగాడు.

గోడ మీద నిలువెత్తు తడి మెరుస్తోంది. నాచు పాకినచోట సున్నం పెచ్చులు లేచి ఉంది. దాని కింద, ఎప్పుడూ అక్కడే ఉండి నేలకు తుప్పు వలయం పట్టించిన పాత ఇనప బకెట్, పైన కడుగుతున్న నీళ్లతో చుక్క చుక్కగా నిండుతోంది.