ఎర్ర బొత్తానికి నిమ్మకాయ దండ

మా పెద్దోడు గణపతిరావు చేతిలో కుంచె ఆడినన్నాళ్లూ పలాసలో ఏ కొట్టు తెరిచినా బోర్డు వాడే రాయాలి. సోంపేట నుంచి కూడా మనుషులు వచ్చి, రంగు ఆరేదాకా కూర్చుని పట్టుకెళ్లేవారు. అలాంటివాడి పక్కింట్లోనే సొంత తమ్ముడు ఉమామహేష్, రెండువేల ఏడులోనో ఎనిమిదిలోనో, కంప్యూటరుతో అక్షరాలు చెక్కే మిషను తెచ్చి పెట్టాడు. పెద్దదేమీ కాదు లెండి, మన కుట్టుమిషనంత. బల్లమీదే కూర్చుంటుంది. దాని ముక్కున ఒక ఉక్కు పుల్ల గిర్రున తిరుగుతూ చెక్కనీ ప్లాస్టిక్కునీ కోసుకుంటూ పోతుంది. ముందు వైపు పుట్టగొడుగులాంటి ఎర్ర బొత్తాం. ఏదైనా తేడా వస్తే గుద్దడానికి. గుద్దితే అది లోపలికి దిగి అక్కడే ఉండిపోవాలి, మిషను చచ్చినట్టు ఆగాలి.

జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లంతా అటు తిరిగారు. పెద్దోడి కుంచెలు కిరసనాయిలు డబ్బాలో నానుతూ ఉండిపోయాయి. వాడు రోజూ వచ్చి తమ్ముడి గుమ్మంలో నిలబడేవాడు. కడుపులో మంట కళ్లలోకి వచ్చేది. కన్నదాన్ని, నాకు తెలియదా?

"ఏటన్నయ్యా, అక్కడే నిలబడిపోనావు? లోపలికి రా" అనేవాడు చిన్నోడు.

"రాన్లేరా. అచ్చరానికి పేణం ఉండాల. నీ మిషనువి ఇడ్లీలు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా నేదు."

"ఇడ్లీలకే గిరాకీ బావగారూ!" అంది లోపలి నుంచి చిన్నకోడలు ప్రవల్లిక.

పెద్దోడు మొహం మాడ్చుకుని పోయాడు. పోయాక ఆ పిల్ల నా దగ్గరకొచ్చింది. "అత్తా, బావగారి సూపు మంచిది కాదు. నిన్న మిషను మీద సెక్కుతున్న పలక మజ్జికి ఇరిగిపోనాది. దిష్టే."

మా వైపు కొత్తది ఏది కొన్నా, బండి గానీ బోరింగు గానీ, నిమ్మకాయా మిరపకాయలూ కట్టడం ఉన్నదే. ఆ పిల్ల దండ గుచ్చి, ఎక్కడ కట్టాలా అని చూసి, అందరి కంటికీ ముందు ఆనేది ఎర్ర బొత్తామే కదా అని దాని మెడకే కట్టింది. జారకుండా నల్లదారం చుట్ల మీద చుట్లు వేసి బిగించింది.

మర్నాడు నేనక్కడ ఉండగానే పెద్దోడు వచ్చి దండ చూశాడు. ఎవరి చూపుకి కట్టారో అడగక్కర్లేదు గదా! గుమ్మంలోనే నిలబడ్డాడు. చిన్నోడు వాణ్ణి పట్టించుకోకుండా, మెడలో తువ్వాలుతోనే మిషను మీదకి వంగి పొట్టు ఊదాడు. తువ్వాలు కొస తిరిగే పుల్లకి చుట్టుకుంది. మెడ పట్టి లాగేసింది.

వాడు చెయ్యి చాపి బొత్తాం గుద్దాడు. దిగలేదు. మళ్లీ గుద్దాడు. దారం చుట్లు అడ్డం. "అమ్మా" అన్న మాట కూడా సగమే వచ్చింది.

నేను పెద్దోడి వైపే చూశాను. ఒక్క రెప్పపాటు వాడు కదల్లేదు. ఆ రెప్పపాటు నాకు ఈరోజుకీ అరగలేదు. అంతలోనే ఉరికి, గోడ దగ్గర తీగ పట్టుకుని ప్లగ్గు ఊడబెరికాడు. పుల్ల ఆగింది. చిన్నోడి మెడ మీద వాత తేలింది గానీ ప్రాణం దక్కింది.

పెద్దోడు దండ తెంపి నేలకేసి కొట్టాడు. "నా దిష్టికి కట్టినారు కదా! గుమ్మానికి కట్టుకోండి, నా నెత్తికి కట్టండి. దీనికి మాత్రం దారం పోగు తగిల్తే ఒప్పుకోను."

కోడలు ఏడుస్తూ కాళ్ల మీద పడబోయింది.

"లెగమ్మా, లెగు. నా సూపు మంచిది కాదు గాని, సెయ్యి మంచిదే" అన్నాడు.

ఆ తర్వాత వాడికొక పని దొరికింది. పొద్దున్నే తమ్ముడు మిషను ఆడించగానే వెళ్లి, అరచేత్తో ఎర్ర బొత్తాం ఒక్క గుద్దు గుద్దుతాడు. మిషను నోరు మూసుకుంటుంది. అప్పుడు చూడాలి వాడి మొహం, పెళ్లిభోజనం చేసినట్టు! తర్వాత బొత్తాన్ని తిప్పి పైకి లేపుతాడు. లేపినంత మాత్రాన మిషను తనంతట తాను తిరగకూడదు, చిన్నోడు పచ్చమీట నొక్కాకే తిరగాలి. తిరగలేదని నిలబడి మరీ చూసుకుంటాడు.

"ఒక్కసారి గుద్దితే సాలదేటన్నయ్యా?" అని చిన్నోడు విసుక్కుంటాడు.

"నీకేటి తెలుసురా? ఇంకోసారి సూడాల" అని మళ్లీ గుద్దుతాడు.