తొంభై తొమ్మిది కంటే ముందొచ్చిన వంద

పన్నెండు రోజులుగా సూలియెన్ బోల్టుల దుకాణంలో కంప్యూటరు నల్ల తెర ఒకటే మాట చెబుతోంది: జనవరి ఇరవై నాలుగు. అక్క మేఝూకి కంటి చికిత్స కోసం ఆసుపత్రి ఇచ్చిన తేదీ కూడా అదే. కంటి లోపలి పొర చిరుగుతోందనీ, అంతవరకు ఆగితే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాలనీ వీధి చివరి డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి పేజీ ముందు కూర్చునే తీరిక సూలియెన్‌కి లేదు. ఇనుము ధరలు ఏరుకోవడానికి వాడే ఆదేశాన్నే దాని మీదికి తిప్పింది. పది నిమిషాలకోసారి అది పేజీ తెచ్చి, ఖాళీ తేదీలు ఏరి, వరస పెట్టి, మొదటిదొక్కటే చూపిస్తుంది. చదవడానికి ఒక్క క్షణం. బేరం లాభంగానే తోచింది.

పక్క కొట్టులోని కో అనే తాత సోయాపాలు తాగుతూ తొంగిచూశాడు.

"ఏమ్మా ఓనరమ్మా, ఇంకా ఆ డబ్బానే నమ్ముకున్నావా? మా ఆవిడకి నిన్న దొరికింది, ఇరవై తొమ్మిదికి."

"ఏ నెల?"

"ఈ నెలే. నీ మిషన్ నిద్రపోతోందేమో చూడు!"

సూలియెన్ జాబితా మొత్తం తెరిచింది. ఈ దేశపు సొంత క్యాలెండరు లెక్కలో ఈ ఏడు తొంభై తొమ్మిది, జనవరి వస్తే వంద. మిషన్ విలువ చూడలేదు, మొదటి అంకె చూసి వరస పెట్టింది. తొమ్మిది కంటే ఒకటి ముందు. అందుకే వచ్చే జనవరి ఎప్పుడూ పైన, ఈ డిసెంబరు ఎప్పుడూ అడుగున.

అడుగున ఇంకొక్కటి మిగిలింది. ముప్పయ్యో తేదీ. దాన్ని పట్టి, అక్కకి ఫోన్ చేసింది.

"ఎల్లుండి పొద్దునక్కా. వరసలో అరవై ఒకటో నంబరు."

"అమ్మయ్య! నీ మిషన్ పట్టిందా?"

అవునంటే సరిపోయేది. కానీ మిషన్ దాచి ఉంచిన పాత జాబితాలు సూలియెన్ అప్పటికే లెక్కపెట్టింది.

"లేదు. అది తొమ్మిది తేదీలు అడుగున పడేసింది. మొదటిది ఇరవయ్యో తేదీకే ఉంది. తప్పు నాది."

"ఇరవయ్యో తేదీకి ఇంకా నీ కొట్టు బోర్డు చదవగలిగేదాన్ని," అంది మేఝూ. "ఇప్పుడు రంగే కనపడుతోంది."

"అక్కా..."

"ఏడవకు, నాకు ఓపిక లేదు. ఎల్లుండి నువ్వే వచ్చి తీసుకెళ్లు. మెట్లు కంటికి ఆనడం లేదు."

"వస్తా."

గురువారం కొట్టు ఉండదని కాగితం మీద రాసి, సూలియెన్ తలుపుకి అంటించింది.