కుంట సుడి మింగిన మాట

ఈ సంగతి నాకు మొదట చెప్పింది గంగాధరప్ప. సర్వే పొద్దు జెండా పట్టుకున్నది వాడే. అందుకే వాని మాట నమ్మినాను. వాణ్ణి మాత్రం ఇంకా క్షమించలేదు.

పాతపాళ్య కుంటలో తూము దగ్గర ఒక సుడి ఉండాది. ఎండాకాలం కూడా ఆగదు. ఆడోళ్ళు దాని పక్కనే బట్టలుతుకుతారు, ఎనుములు నీళ్ళు తాగుతాయి. సుడి మీదుగా పిలిస్తే మాట అవతలి గట్టుకు చేరదు, లోపలికి పోతాది. చూపు కూడా వంగుతాది. సుడి తిరిగే వైపు, కుడి గట్టున నిలబడి చూస్తే అవతలి రాయి మూరెడు జరిగినట్టు కనిపిస్తాది. సుడికి ఎదురు, ఎడమ గట్టు నుంచి చూస్తే రెండు బారలు. అందుకే ఆ ఊళ్ళో ఏదన్నా చెప్పాలంటే కుంట చుట్టూ నడిచిపోయి చెప్తారు. కొలవాలంటే కంటిని నమ్మరు, తాడు తీసుకుపోతారు.

మునివెంకటమ్మ చేనుకూ రామచంద్రప్ప చేనుకూ నడుమ హద్దురాయి కుంటకు అవతల ఉండేది. రాయికి బారెడు దూరంలో ఆమె బోరు. ఆ నీళ్ళ మీదే ఆమె టమోటా, ఆమె బతుకు.

సర్వే వచ్చింది. మిషను యాడ పెట్టాలని సర్వేయరు అడిగితే, పుట్టినప్పట్నుంచి ఆ కుంట నీళ్ళు తాగిన రామచంద్రప్ప ఎడమ గట్టు చూపించినాడు. గంగాధరప్ప రాయి మీదనే జెండా నిలబెట్టినాడు. మిషనులో అది రెండు బారలు ఆమె చేనులోకి కనిపించింది. మిషను ఏ గట్టున ఉండాదో వానికి కనిపిస్తానే ఉండాది. నడిచిపోయి చెప్పేదానికి కాళ్ళు లేవా వానికి?

ఆక్షేపణె ఏమన్నా ఉండాదా అని సర్వేయరు గట్టు మీద నుంచే చెయ్యి ఊపి అడిగినాడంట. రాయి దగ్గర నిలబడిన మునివెంకటమ్మ మూడుసార్లు అరిచింది. మూడూ సుడిలోకి పోయినాయి.

“మాట లేదంటే ఒప్పుకున్నట్టే సార్, రాసుకోండి” అన్నాడు రామచంద్రప్ప.

మోకాళ్ళ నొప్పితో ఆమె కుంట చుట్టి వచ్చేలోపల సంతకాలు అయిపోయినాయి.

“వద్దంటానే ఉండానప్పా, సుడి తినేసింది. దాని తప్పేముంది, అది ఎప్పుడూ తింటాది. నువ్వు తెలిసీ రాయిస్తివే” అనింది రామచంద్రప్పతో.

వాడు మబ్బుల్లోకి చూసినాడు. ఎంట్రీ అయిపోయిందమ్మా, అప్పీలు వేసుకోండి అన్నాడు సర్వేయరు. మరుసటి వారమే రాయి పీకి కొత్త చోట నాటినారు. పాత గుంత నుంచి నేను తాడు పట్టి కొలిచినాను, రెండు బారలకు వేలెడు కూడా తక్కువ లేదు. ఇప్పుడు ఆ బోరు నీళ్ళతో కాసిన రామచంద్రప్ప టమోటా కొయ్యడానికి మునివెంకటమ్మ కూలికి పోతాంది.

సర్వే ఆఫీసులో చదువుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే తాడు తెచ్చి కొలవండి. అది చేతకాకపోతే పోనీ, ఆ కాగితంలో ‘ఆక్షేపణె లేదు’ అన్న ముక్కన్నా కొట్టేయండి. ఆమె చెప్పింది.